కీచకుణ్ని తొందరగా చంపొద్దు

ఈ వారం ఒక ఉత్తరం నాకు చిరాకు తెప్పించింది. ఖమ్మం నుంచి ఇంజినీరింగ్ చదివే కుర్రాడు రాశాడు: "సార్, బ్యాట్‌మన్ అమ్మానాన్నల్ని ఇంకా ఎన్నిసార్లు చంపుతారు? 1939 నుంచీ చంపుతూనే ఉన్నారు. మీరేమో కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా చదవమంటారు."

అడిగిన తీరుకు కాదు నా చిరాకు. ఆ ప్రశ్నలో సగం ఈ కాలమ్‌లోంచి వెళ్లిందే. కథన్నాక ముగింపు ఉండాలని ఇక్కడ ఏళ్ల తరబడి పోరుతున్నాను. 1992లో సూపర్‌మన్‌ని చంపారు. ఆ సంచికను నల్ల సంచిలో పెట్టి లక్షల్లో అమ్ముకున్నారు. మరుసటి ఏడే అతన్ని లేపి కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ సూపర్‌హీరో చచ్చాడంటే పాఠకుడి గుండె జారడం మానేసింది. చావుకు విలువ లేని చోట బతుక్కి మాత్రం ఏం విలువ ఉంటుంది? చివరి పేజీ ఎక్కడో తెలియకుండా రాసేవాడు మొదటి పేజీ కూడా సరిగ్గా రాయలేడు. ఈ మాటలు పాత పాఠకులకు కంఠతా వచ్చి ఉంటాయి.

ఉత్తరం పక్కన పెట్టి పుస్తకాల కట్ట విప్పాను. అమెరికాలో కొత్త కామిక్స్ వచ్చేది బుధవారం. ఇరవై పేజీల పల్చటి సంచిక, నాలుగైదు డాలర్లు. మనకు అవి విడివిడిగా దొరకడం కష్టం. ఐదారు సంచికలు కలిపి వేసిన సంపుటాలతోనే సరిపెట్టుకోవాలి. ఈసారి వచ్చినవన్నీ పాత వీరులకు కొత్తగా రాసిన పుట్టుపూర్వోత్తరాలే. డీసీ వాళ్లు 2024 అక్టోబరులో 'అబ్సల్యూట్' అనే వరుస మొదలుపెట్టారు. ఒక్కో వీరుడికి పుట్టినప్పటినుంచీ ఏది అండగా ఉందో దాన్ని లాగేయడం ఈ వరుస పద్ధతి. బ్యాట్‌మన్‌కి ఆస్తి లేదు, భవంతి లేదు. వండర్ వుమన్‌కి పుట్టిన ద్వీపం లేదు, అక్కచెల్లెళ్లు లేరు. సూపర్‌మన్‌కి కాన్సస్ పల్లెలో గడిచిన నిమ్మళమైన బాల్యం లేదు.

సూపర్‌మన్ సంగతి ముందు చెప్పేస్తాను, ఎక్కువ చెప్పడానికి లేదు గనక. జేసన్ ఆరన్ రాశాడు, రఫా సాండోవాల్ గీశాడు. అతను పుట్టిన గ్రహం క్రిప్టాన్ ఇందులో మేధావుల స్వర్గం కాదు, వర్గాలుగా చీలిన సమాజం. అతని తల్లిదండ్రులు కాయకష్టం చేసేవాళ్లు, ఛాతీ మీది ఆ 'ఎస్' గుర్తు కష్టజీవుల గుర్తు. ఈ ఊహ నాకు ఎంతో నచ్చింది. గ్రహం కూలిపోతుందని కిందివాళ్లకు తెలుసు, పైవాళ్లు వినరు. ఆ పేజీలు ఆగి ఆగి చదివాను. కథ భూమ్మీదికి దిగగానే పరుగు, పేలుళ్లు. మంచి ఊహను మోసే ఓపిక బొమ్మల్లో లేదు.

వండర్ వుమన్ దీనికన్నా ఎన్నో మెట్లు పైన ఉంది. కెల్లీ థాంప్సన్ రచన, హేడెన్ షెర్మన్ బొమ్మలు, జోర్డీ బెల్లేర్ రంగులు. డయానా నరకంలో పెరుగుతుంది, పెంచేది సిర్సీ అనే మంత్రగత్తె. అలాంటి చోట పెరిగిన పిల్ల కోపంతో రగిలిపోతూ పైకొస్తుందని ఎవరైనా రాస్తారు. థాంప్సన్ ఆ పిల్లకు మంచితనం ఇచ్చింది, అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూపించింది. ఇష్టం లేకుండానే తల్లి అయిన సిర్సీ దగ్గరి నుంచి వచ్చింది. ఎముకల గుర్రం మీద మనిషంత కత్తి పట్టుకుని వచ్చే డయానాను చూసి పిల్లలు మురిసిపోతారు. నాకు మాత్రం ఆ ఇద్దరూ ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్చుకునే పేజీలే పుస్తకానికి ప్రాణం. కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డుల్లో 2025లో ఇదే ఉత్తమ కొత్త సిరీస్‌గా ఎంపికైంది. ఆ అవార్డు సరైన చోటికే వెళ్లింది.

మార్వెల్ వాళ్ల 'అల్టిమేట్ స్పైడర్‌మన్' గురించి ఇదివరకు రాశాను. జొనాథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో బొమ్మలు. సాలీడు పదిహేనేళ్ల కుర్రాణ్ని కాకుండా పెళ్లయి, ఇద్దరు పిల్లలున్న నడివయసు పీటర్‌ని కుడుతుంది. పాత కథలో చనిపోయే బెన్ బాబాయి ఇందులో బతికే ఉంటాడు. బయట ఒక నెల గడిస్తే కథలోనూ ఒక నెల గడుస్తుంది. 2024 జనవరిలో మొదలై 24 సంచికల్లో ముగిసిన కథ. నా సిద్ధాంతానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదనిపించింది. చూశారా, ముగించగలిగితే ఎంత చక్కగా ఉంటుందో అని ఆ కుర్రాడికి జవాబు రాద్దామనే కూర్చున్నాను.

తర్వాత 'అబ్సల్యూట్ బ్యాట్‌మన్' తెరిచాను. మళ్లీ అదే హత్య. కానీ ఆ పేజీల దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఆలోచిస్తుంటే మా అవ్వ గుర్తొచ్చింది.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. వాన మొహం చాటేసిన ఏడు పెద్దలు తోలుబొమ్మలాట వాళ్లను పిలిపించేవాళ్లు. ఆడించేది విరాటపర్వం. విరాటపర్వం చదివినా, చదివించినా, ఆడించినా వాన పడుతుందని మన వైపు పాత నమ్మకం. అంటే ఊరు ఊరంతా చందాలు వేసుకుని, మొదటి నుంచి చివరిదాకా తమకు తెలిసిన కథనే మళ్లీ చెప్పించుకునేది. కరువు వచ్చినప్పుడల్లా అదే పర్వం, అదే కీచకుడు, అదే భీముడు.

రచ్చబండ పక్కన గుంజలు పాతి, తెల్లపంచెలు కలిపి తెర కట్టేవాళ్లు. వెనక దీపాలు. అవ్వ చిన్నప్పుడు ఆముదం దీపాలుండేవట, నేను చూసేసరికి బల్బులొచ్చాయి. మేకతోలును గీకి గీకి వెలుతురు దూరేంత పల్చన చేస్తారు. నల్లటి గీత గీసి, లోపల ఎరుపూ ఆకుపచ్చా నింపుతారు. నగలుండాల్సిన చోటల్లా సన్నటి చిల్లులు కొడతారు. వెనక దీపం వెలిగిందంటే కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం ఆ చిల్లుల్లోంచి మెరుస్తాయి. సభలో ఊరికే నిలబడాల్సిన బొమ్మల్ని ముళ్లతో తెరకు గుచ్చేస్తారు, ఆడాల్సిన బొమ్మ మాత్రమే చేతిలో ఉంటుంది. మధ్యమధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి ఊళ్లో సంగతులన్నీ ఎత్తిపొడిచి నవ్వించేవాళ్లు. పిల్లలం వాళ్ల కోసం మేలుకునేవాళ్లం, పెద్దలు కీచకవధ కోసం మేలుకునేవాళ్లు.

ఒక ఏడు వచ్చిన మేళం ఆ ఘట్టాన్ని చుట్టబెట్టేసింది. కీచకుడు వచ్చాడు, భీముడు లేచాడు, నాలుగు దెబ్బలు, అయిపోయింది. మర్నాడు పొద్దున గింజల కోసం ఇంటింటికీ తిరుగుతూ ఆ మేళం పెద్ద మా గడప దగ్గరికొచ్చాడు. అవ్వ చేటలో గింజలు పోస్తూనే అడిగేసింది: "కీచకున్ని అంత బిన్నె సంపేస్తే ఎట్లప్పా? వాడు చేసిన పాపానికి అంత సులువు సావా?"

ఆయన తల వంచుకుని, నిద్ర ఆగలేదమ్మా, పిల్లోడికిచ్చినాం ఆ బొమ్మని, అన్నాడు. మరోసారి చందాలు వేసుకోవాల్సి వచ్చినప్పుడు ఊరు వేరే మేళాన్ని పిలిచింది.

ఈ మేళం వాళ్లు ఏం చేశారో ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. కీచకుడి బొమ్మను తెరకు ఆనించి పట్టుకున్నారు. ప్రతి గీత, ప్రతి నగ నిక్కచ్చిగా కనబడుతోంది. భీముడి బొమ్మను తెరకు దూరంగా, దీపానికి దగ్గరగా పెట్టారు. అది బొమ్మలా లేదు. కీచకుడి వెనక ఏదో పెద్ద మసక. వీడు సరసపు మాటలు పలుకుతున్నాడు, ఆ మసక కదలడం లేదు. ఇంకో మాట. మసక కాస్త దగ్గరికొచ్చింది, కాస్త చిన్నదైంది. వీడు పద్యం ఎత్తుకున్నాడు. అది ఇంకా దగ్గరికొచ్చింది, భుజం గీత తేరింది, చెయ్యి తేరింది. పద్యం చివరి పాదం దగ్గర తెరకు తగిలి భీముడైపోయింది. తెర వెనక కాళ్లకింది చెక్కలు దడదడా మోగాయి, జనం ఒక్కసారిగా లేచి అరిచారు. లోపల ఎవరున్నారో, ఏం జరగబోతోందో తెలియనివాడు ఆ జనంలో ఒక్కడూ లేడు. మర్నాడు అవ్వ ఆ మేళానికి చేట నిండా పోసి, ఇంకో చేట కూడా పోసింది.

మళ్లీ కీచకవధేనా అని మా ఊళ్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఎట్లా చంపారు అనే అడిగారు. కథ తెలిసినవాడి కళ్లు చేతి మీద ఉంటాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ చేతులున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆట ఆడించమనే ఊళ్లు తగ్గి, ఆ చేతులు ఎక్కువగా దీపాల గొడుగులూ గోడ బొమ్మలూ చేస్తున్నాయి. దాని గురించి రాయాల్సింది చాలా ఉంది, మరో వారం.

ఇక బ్యాట్‌మన్ ఊరు గోథమ్‌లో ఆ హత్య జరిగే సందులోకి రండి. బ్యాట్‌మన్ మొదటిసారి కనబడింది 1939 మేలో. అతను అలా ఎందుకయ్యాడో చెప్పింది అదే ఏడు నవంబరులో, 'డిటెక్టివ్ కామిక్స్' 33వ సంచికలో. మొత్తం రెండు పేజీలు. సినిమా చూసి వస్తున్న కుటుంబం, పిస్తోలు పట్టుకున్న దొంగ, తల్లి మెడలో హారం, రెండు చావులు, దీపం దగ్గర కూర్చుని ఒట్టు పెట్టుకునే పిల్లవాడు. బొమ్మలు మొరటుగా ఉంటాయి, పని మాత్రం పూర్తి చేస్తాయి. అది ఆర్థిక మాంద్యం నాటి భయం. చీకటి సందు, ఆకలిగొన్న దొంగ, మెడలోని నగ.

1986లో ఫ్రాంక్ మిల్లర్ 'డార్క్ నైట్ రిటర్న్స్'లో ఇదే హత్యను తీసుకున్నాడు. పుస్తకమంతా ఒక పేజీని పదహారు చిన్న గడులుగా చీల్చుకుని పనిచేశాడు. ముసలివాడైపోయిన బ్యాట్‌మన్, అంటే బ్రూస్, టీవీ చానెళ్లు తిప్పుతుంటే చిన్నప్పుడు ఆ రాత్రి చూసిన జోరో సినిమా తగులుతుంది. అక్కణ్నుంచి మాటలు దాదాపు ఆగిపోతాయి. తండ్రి చెయ్యి. పిస్తోలు. తల్లి మెడ. ముత్యాల హారం పిస్తోలు పట్టుకున్న చేతికి చిక్కుకుంటుంది, సాగుతుంది, తెగుతుంది. ఒక్కో ముత్యం విడిపోవడానికి ఒక్కో గడి పడుతుంది. చదివేవాడికి ఫలితం తెలుసు, ఆపలేడు, కన్ను ఒక గడి నుంచి ఇంకో గడికి పోతూనే ఉంటుంది. క్లౌస్ జాన్సన్ సిరా, లిన్ వార్లీ రంగులు కూడా ఆ పేజీలో కలిసి ఉన్నాయి. మరుసటి ఏడు అదే మిల్లర్, డేవిడ్ మాజుకెల్లీ బొమ్మలతో 'ఇయర్ వన్' చేసినప్పుడు హత్యను రెప్పపాటు జ్ఞాపకంగా తేల్చేశాడు. ఒంటి నిండా దెబ్బలతో తండ్రి విగ్రహం ముందు కూర్చున్న కొడుకు మీదే పేజీలు ఖర్చుపెట్టాడు. రిచ్‌మండ్ లూయిస్ వేసిన ఆ మాసిన గోధుమరంగులు, బూడిదరంగులు లేకపోతే ఆ గదిలో అంత చలి పుట్టదు. రంగులు వేసేవాళ్ల పేరు అట్ట మీద ఉండాలని ఎందుకు పట్టుబడతానో ఇప్పుడైనా తెలిసిందా?

సూపర్‌మన్ విషయంలోనూ ఇంతే. 2005లో గ్రాంట్ మోరిసన్, ఫ్రాంక్ క్వయిట్లీ కలిసి 'ఆల్ స్టార్ సూపర్‌మన్' మొదలుపెట్టినప్పుడు అతని పుట్టుకనంతా ఒకే పేజీలో చెప్పారు. నాలుగు గడులు, ఇంగ్లిష్‌లో ఎనిమిది మాటలు. అంతకన్నా ఒక్క మాట అక్కర్లేదు, ఎందుకంటే మిగతాది అరవై ఏడేళ్లుగా పాఠకుడి దగ్గరే ఉంది. ఆ పేజీ మొదటి రచయితకు సాధ్యం కాదు. తన ముందు ఎందరో అదే కథ చెప్పి ఉంటేనే అంత తక్కువలో చెప్పడం కుదురుతుంది.

ఇప్పుడు స్కాట్ స్నైడర్ రాసి, నిక్ డ్రాగోటా గీసిన 'అబ్సల్యూట్ బ్యాట్‌మన్' వంతు. సందు లేదు, సినిమా హాలు లేదు, ముత్యాలు కొనే డబ్బు ఆ ఇంట్లో లేనే లేదు. తండ్రి బడిపంతులు. పిల్లల్ని జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్తాడు. అక్కడ ఒకడు తుపాకీతో జనం మీద కాల్పులు జరుపుతాడు. తండ్రి పోతాడు. తల్లి బతుకుతుంది. 1939 నాటి దొంగకు ఏదో ఒకటి కావాలి. ఇక్కడ కాల్చేవాడికి ఎవరి మెడలోని నగా అక్కర్లేదు. బడి పిల్లలకు కాల్పులు జరిగితే ఎక్కడ దాక్కోవాలో నేర్పే దేశంలో, ఈ కాలపు తల్లిదండ్రుల భయం ఇదే. హత్య ఒకటే, భయం మారింది. ఎనభై ఏళ్లకు పైగా ఒకే హత్యను గీస్తూ వచ్చారు కాబట్టే ఆ తేడా ఇంత స్పష్టంగా కనబడుతుంది. కొత్త వీరుణ్ని పుట్టించి, కొత్త హత్య రాసి ఉంటే ఇది మామూలు వార్తాకథ అయ్యేది.

తల్లిని బతికించడం ఇంకా పెద్ద మార్పు. అనాథ కాని బ్యాట్‌మన్ రాత్రి ఇంటికి ఆలస్యంగా వస్తే అడిగే మనిషి ఉంటుంది. డ్రాగోటా గీసిన బ్రూస్ గోడంత వెడల్పు మనిషి, ఇరవై నాలుగేళ్ల సిటీ ఇంజినీరు. అతని ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడి గొడ్డలి అవుతుంది. అంత మనిషి తల్లి ముందు నిలబడితే భుజాలు కుంచించుకుపోతాయి. ఆ భుజాల గీత కోసం ఈ సంపుటం కొనొచ్చు. ఫ్రాంక్ మార్టిన్ రంగులు కూడా ఎక్కడా అరవవు. స్నైడర్ మీద నా పాత ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. మాటలు ఎక్కువ. ఈసారి కథ చెప్పే బాధ్యత, మామూలుగా బ్రూస్ ఇంటి బట్లరైన ఆల్‌ఫ్రెడ్‌కి ఇచ్చాడు. బొమ్మ చూపించిన దాన్ని ఆయన మళ్లీ చెబుతాడు. డ్రాగోటా చేతిని నమ్మి కొన్ని పేజీలు మూగగా వదిలేసి ఉండాల్సింది.

కాబట్టి ముగింపు గురించి నా మాట ఇకమీదట ఇలా ఉంటుంది. ఏ రచయితైనా తన కథను ముగించాలి, హిక్‌మన్ ముగించినట్టు. వీరుణ్ని మాత్రం ముగించకూడదు. తర్వాతి మేళం వస్తుంది, దానికి బొమ్మ కావాలి. నా అసలు పేచీ మళ్లీ చెప్పడంతో కాదు, చుట్టబెట్టడంతో. వేసవి రాగానే పాతిక పుస్తకాల్ని ముడివేసి, ఒక్కో పేజీలో ముప్ఫై మంది వీరుల్ని నిలబెట్టి, ఇద్దర్ని చంపి, ఏ ముఖం మీదా ఒక గడి కూడా ఆగకుండా పరుగెత్తే ఆ మహాసంగ్రామాల వాళ్లు కీచకుణ్ని బిన్నె చంపేవాళ్లు. వాటికి డబ్బు పెట్టకండి.

చివరికి అట్టిపెట్టుకున్నది 'అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్'. డెనిజ్ క్యాంప్ రచన. బొమ్మలూ రంగులూ రెండూ హవియెర్ రోడ్రిగెస్‌వే. అక్షరాలు హసన్ ఒత్స్‌మాన్ ఎలావ్. జాన్ జోన్స్ అనే ఎఫ్‌బీఐ మనిషి కాఫీ దుకాణంలో జరిగిన ఆత్మాహుతి పేలుడు నుంచి బతికి బయటపడతాడు. అప్పట్నుంచి అతనికి మనుషుల తలల్లోని ఆలోచనలు రంగు రంగుల పొగలా కనబడతాయి. మాటల బుడగల్లో చెప్పాల్సింది రంగే చెబుతుంది. ఇంట్లో భార్యాభర్తలు పైకి ఏదో మాట్లాడుకుంటుంటే, వాళ్ల మధ్య పొగ వేరే సంగతి చెబుతుంటుంది. గీసిన చెయ్యే రంగు కూడా వేస్తే ఏం సాధ్యమవుతుందో చూడాలంటే ఈ మధ్య వచ్చిన సూపర్‌హీరో పుస్తకాల్లో దీన్ని మించింది లేదు.

ఈ వారం ఒక్కటే కొనగలిగితే ఇది కొనండి. కాగితం మీదే చదవండి. ఫోన్‌లో ఒక్కో గడినీ పెద్దది చేసి చూపించే పద్ధతిలో చదివితే పేజీ అమరిక పోతుంది, ఈ పుస్తకంలో సగం కథ ఆ అమరికలోనే ఉంది.